విడాకులు మీ ఇద్దరికి, బ్యాంకుకు కాదు

(తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం సమావేశంలో, హౌసింగ్ లోన్ల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక బ్యాంకు అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే వీళ్ళింట్లో ఏదో గొడవుందని పక్కింటివాళ్ళు అనుకుంటారేమో అని భయపడకండి. మీలో సగం మంది కూతురి కోసమో, తమ్ముడి కోసమో విని పోదామని వచ్చారని నాకు తెలుసు.

మన ఊళ్ళో పెళ్లికీ అప్పుకీ సంబంధం ఈనాటిది కాదు. స్వామివారే కుబేరుడి దగ్గర అప్పు చేసి పద్మావతమ్మను పెళ్లాడారు. ఆ పత్రానికి బ్రహ్మ, శివుడు సాక్షులని స్థలపురాణం చెబుతుంది. బ్యాంకులో పనిచేసినదాన్ని కదా, నా చూపు వేరే చోటికి పోతుంది. ఆ పత్రం మీద అమ్మవారి సంతకం గురించి కథ చెప్పేవాళ్ళు ఎవరూ చెప్పగా నేను వినలేదు. అప్పు స్వామి ఒక్కరిదే. ఇప్పుడు అలా కుదరదు. ఇంటి లోన్ అనగానే భార్యాభర్తలిద్దరి సంతకాలూ లేకుండా చాలామంది మేనేజర్లు ఫైలు కదపరు. ఇద్దరి జీతం కలిపితే లోన్ ఎక్కువ వస్తుందని, ఆడవాళ్ళ పేరు ముందుంటే కొన్ని బ్యాంకుల్లో వడ్డీ 0.05 శాతం తగ్గుతుందని మనమూ సంతోషంగా పెట్టేస్తాం. చదవకుండానే పెట్టేస్తాం.

ఇక సంగతికి వస్తాను. ఒక ఇంటి వెనక మూడు కాగితాలుంటాయి. ఇల్లు ఎవరిదో చెప్పేది రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజు. అప్పు ఎవరు తీర్చాలో చెప్పేది బ్యాంకులో ఉన్న లోన్ అగ్రిమెంటు. మీరిక భార్యాభర్తలు కారని చెప్పేది కోర్టు డిక్రీ. ఈ మూడింటిలో ఒకటి మారితే మిగతా రెండూ వాటంతటవే మారవు. డిక్రీ వచ్చి, మళ్ళీ పెళ్లయి, కొత్త ఫ్లాట్‌కి లోన్ అడగడానికి వచ్చి, పాత ఇంటి లోన్ ఇంకా తన సిబిల్‌లో, అంటే అప్పుల రికార్డులో ఉందని తెలిసి తెల్లబోయినవాళ్ళు నా టేబుల్ ముందు చాలామంది కూర్చున్నారు. "మాకు కోర్టు విడాకులిచ్చేసింది కదా మేడమ్" అంటారు. ఇచ్చింది మీ ఇద్దరికి నాయనా, ఆ కేసులో బ్యాంకు పార్టీ కాదు.

ముందు ఇల్లు ఎవరిది అన్న మాట చూద్దాం. విడాకులైతే ఇంట్లో సగం వస్తుందని ఒక నమ్మకం బాగా పాకింది. కాలిఫోర్నియాలో ఉన్న బంధువులు ఫోన్లో చెప్పి ఉంటారు. అక్కడ పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే చట్టం నిజంగానే ఉంది. మనకు లేదు. మన దగ్గర ఆస్తి ఎవరి పేరుతో ఉంటే మొదటి మాట వాళ్ళదే. భర్త ఇంట్లో భార్యకు వాటా ఇవ్వాలన్న ఒక బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది కూడా. లోక్‌సభ గడప దాటలేదు, 2014లో ఆ సభ కాలం తీరడంతో మురిగిపోయింది. ఆ రోజుల్లో పేపర్లో చదివినవాళ్ళు చట్టం వచ్చేసిందనే అనుకుంటున్నారు.

హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ ఒకటుంది. పెళ్లప్పుడు, ఆ దరిదాపుల్లో ఇద్దరికీ కలిపి ఇచ్చిన ఆస్తి గురించి కోర్టు తేల్చవచ్చని అందులో ఉంది. పెళ్లయిన ఆరేళ్లకు ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర కొన్న ఫ్లాట్‌ని అందులో ఇరికించడం కష్టం. దానికి ఫ్యామిలీ కోర్టులో ఆస్తి వాటా గురించి విడిగా అడగాలి, నా డబ్బు ఇంత పోసానని రుజువు చూపాలి. ఇల్లు భర్త పేరుతో ఉండి ఈఎంఐ మీ జీతం ఖాతాలోంచి పోతుంటే ఆ స్టేట్‌మెంట్లన్నీ తీసి పెట్టుకోండి. డౌన్ పేమెంట్‌కి నగలు అమ్మితే అమ్మిన బిల్లు, కుదువ పెడితే గోల్డ్ లోన్ రసీదు. "మా వదిన ముందే ఇచ్చాను" అంటే కోర్టులో వదినను బోనెక్కించాలి.

ఉద్యోగం లేని ఆడవాళ్ళ మాటేమిటి? 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి మాట చెప్పింది. భర్త నిశ్చింతగా సంపాదించగలిగాడంటే ఇంట్లో భార్య చేసిన చాకిరీ కూడా దానికి కారణమేనని, అందుకని ఆ డబ్బుతో కొన్న కొన్ని ఆస్తుల్లో ఆమెకు సగం వాటా ఉందని తీర్పిచ్చింది. మన కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు. కానీ మీ వకీలు చేతిలో అదొక ఆయుధం.

ఇప్పుడు మన వైపు ఎక్కువగా వచ్చే చిక్కు చెబుతాను. దీనికి కాస్త ఎక్కువ టైము తీసుకుంటా, ఎందుకంటే ఈ ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. తిరుచానూరు వైపు తండ్రికి స్థలముంది. పసుపు కుంకుమ కింద ముప్పై అంకణాలు (అంకణం అంటే మన వైపు స్థలం కొలత) కూతురి పేరున రిజిస్టర్ చేశాడు. అల్లుడు రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. అతని జీతం మీద లోన్ తీసుకుని, ఆమె స్థలం బ్యాంకుకు తనఖా పెట్టి, కింద తాముండడానికీ పైన స్టూడెంట్లకు అద్దెకివ్వడానికి పోర్షన్లూ కట్టారు. ఆమె కో అప్లికెంట్, అంటే లోన్‌లో రెండో సంతకం ఆమెది. అంతా బాగుంది. పదేళ్లకు చెడింది.

స్థలం ఆమెది, అందులో అనుమానం లేదు. అతను పదేళ్లు ఈఎంఐ కట్టాడు కాబట్టి సగం ఇల్లు రాసివ్వమంటే చట్టం ఊఁ అనదు. కట్టడానికి పెట్టిన డబ్బు కావాలంటే లెక్కలతో కోర్టుకు పోవాలి, తెగేదాకా తిరగాలి. అందుకని అతనికి ఒక ఆలోచన వస్తుంది: నాది కాని ఇంటికి నేనెందుకు కట్టాలి? ఈఎంఐ ఆపేస్తాడు. ఆమెకూ ఒక ఆలోచన వస్తుంది: లోన్ ఆయన జీతం మీద ఇచ్చారు, ఆయన్నే పట్టుకోండి. ఇద్దరి వైపూ న్యాయం ఉన్నట్టే వినబడుతుంది. బ్యాంకు మాత్రం 1872 నాటి కాంట్రాక్టు చట్టం తీస్తుంది. కలిసి మాట ఇచ్చినవాళ్ళలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని దాని 43వ సెక్షన్. చెరి సగం అనేది మీ ఇద్దరి మధ్య లెక్క. ఒకరు ఎక్కువ కడితే ఆ ఎక్కువను రెండోవారి దగ్గర రాబట్టుకోవచ్చు, అది బ్యాంకుకు పట్టని గొడవ. చివరికి వేలానికి వచ్చేది ఎవరి స్థలం? పుట్టింటివాళ్ళు ఇచ్చిన ముప్పై అంకణాలు. అతను ఈఎంఐ ఆపి ఆమెకు బుద్ధి చెప్పాననుకుంటాడు గానీ అతని సిబిల్ కూడా అదే నెలలో పడిపోతుంది.

ఇలాంటి ఇళ్లలో సవ్యంగా తెగినవన్నీ ఇంచుమించు ఒకే తీరుగా తెగాయి. ఇల్లు ఆమె ఉంచుకుంటుంది. అతను శాశ్వత భరణంగా ఇవ్వాల్సిన మొత్తాన్ని చేతికి ఇవ్వకుండా నేరుగా లోన్ ఖాతాలో జమ చేస్తాడు. మిగిలిన బాకీ పై పోర్షన్ల అద్దెతో ఆమె కట్టుకునేంతకు దిగివస్తుంది, అతని పేరు లోన్‌లోంచి తీయడానికి బ్యాంకు ఒప్పుకుంటుంది. నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు. భరణం చేతికి నగదుగా కావాలని పెద్దమనుషులు పట్టుబట్టే చోట, ఆ నగదు ఆర్నెల్లలో ఎటు పోతుందో కూడా చూశాను.

అప్పు లెక్క చూద్దాం. బోర్డు మీద రాస్తున్నాను, ఇది ఊహ లెక్కే. 40 లక్షల లోన్, ఎనిమిదిన్నర వడ్డీ, 20 ఏళ్లు. నెల కిస్తీ 34,700 చిల్లర. ఐదేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టారు. మొత్తం ఎంత కట్టారు? 20 లక్షల 80 వేల పైన. అసలు ఎంత తగ్గింది? చెప్పండి. పది లక్షలా? కాదమ్మా. నాలుగు లక్షల ముప్పావు. ఇంకా 35 లక్షల పాతిక వేలు బాకీ ఉంది. మొదటి ఏళ్లలో కట్టేదాంట్లో చాలావరకు వడ్డీకే పోతుంది. విడాకుల మాటలప్పుడు "నేను ఇరవై లక్షలు పోశాను" అని ఒకరు గట్టిగా అంటుంటారు. పోశారు, నిజమే. ఇంట్లో మిగిలింది మాత్రం అంత లేదు.

పంచుకునేది అసలు ఎంత? ఇల్లు ఇవాళ 75 లక్షలు పలుకుతుందనుకోండి. బాకీ తీసేస్తే 39 లక్షల 75 వేలు. ఇద్దరి పేరునా సమానంగా ఉంటే చెరి 19 లక్షల 87 వేలు. ఒకరు ఇల్లు ఉంచుకోవాలంటే పాత బాకీ మీద వేసుకుని, ఈ 19 లక్షల చిల్లర కూడా రెండోవారికి ఇవ్వాలి. రెండూ కలిపి 55 లక్షల పైన. మళ్ళీ 20 ఏళ్లకు లోన్ పెట్టినా నెలకు సుమారు 47,800. నిన్నటిదాకా ఇద్దరి జీతాలమీద 34,700 మోసిన ఇల్లు, రేపటి నుంచి ఒక్క జీతం మీద 47,800 మోయాలి. "పిల్లలు అలవాటు పడ్డారు, ఇల్లు వదలను" అనేవాళ్ళు ముందు ఈ అంకె చూడాలి. మోయలేమనిపిస్తే అమ్మేయడమే మర్యాద. ఇద్దరూ కలిసి నెమ్మదిగా అమ్మితే మంచి ధర వస్తుంది, బాకీ బ్యాంకుకు పోతుంది, మిగిలింది పంచుకుంటారు. ఫ్లోటింగ్ వడ్డీ లోన్ అయితే ముందే తీర్చినందుకు జరిమానా కూడా లేదు.

మోయగలం అనుకుంటే పని ఎలా సాగుతుందో విన్నారంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఉంచుకునేవాళ్ళు తమ ఒక్కరి పేరున లోన్ కోసం దరఖాస్తు పెట్టాలి, అదే బ్యాంకులోనో, టేకోవర్ చేసే వేరే బ్యాంకులోనో. వెళ్ళేవాళ్ళు తమ హక్కు వదులుకుంటూ విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. ఇక్కడే పీటముడి పడుతుంది. "లోన్‌లో నా పేరు తీసేశాకే సంతకం పెడతా" అని ఒకరు. "దస్తావేజు రిజిస్టరైతేనే పేరు తీస్తాం" అని బ్యాంకు. "సంతకం పెట్టాకే డబ్బిస్తా" అని ఇంకొకరు. ముందు బ్యాంకు దగ్గర శాంక్షన్ లెటర్ రాయించుకోండి, ఆ లెటర్‌లో బయటికి వెళ్ళేవాళ్ళను అప్పు నుంచి విడిచిపెడతామన్న షరతు ఉందో లేదో చదవండి. తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం, డీడీ చేతిలో పడడం ఒకే రోజు, ఒకే బెంచీ మీద జరిగేలా చూసుకోండి. సంతకాలయ్యాక కొత్త ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం, తీసి చూసుకోండి, సిబిల్‌లో పేరు పోయిందో లేదో ఒకటి రెండు నెలలాగి చూడండి. పాత లోన్ పూర్తిగా తీరితే ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు, 2023 డిసెంబరు నుంచి. తప్పు బ్యాంకుదై ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం. మొహమాటపడకుండా అడగండి.

ఒక మాట చెబితే వకీళ్ళు నవ్వుతారు. పరస్పర అంగీకారంతో విడాకులకు వెళితే మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య, అంటే ఇద్దరూ కోర్టును కోరే రెండు సార్ల మధ్య, ఆరు నెలలు ఆగాలని చట్టం. తగిన కారణం ఉంటే కోర్టు ఆ గడువు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటినుంచి అందరికీ తొందరే, మాఫీ పిటిషన్ వెంటనే వేసేస్తారు. లోన్ ఉన్న ఇల్లుంటే నా సలహా, ఆ ఆరు నెలలూ వదులుకోకండి. శాంక్షన్‌కీ, వాల్యుయేషన్‌కీ, లీగల్ ఒపీనియన్‌కీ ఆ టైము సరిగ్గా సరిపోతుంది. రెండో మోషన్ నాటికి విడుదల దస్తావేజు రిజిస్టరై ఉండాలి. డిక్రీ అయిపోయాక ఒకరు బెంగళూరు, ఇంకొకరు దుబాయ్. సంతకానికి ఎవరు పిలిస్తే వస్తారు?

కేసు నడిచే రోజుల్లో మాత్రం ఈఎంఐ ఆగకూడదు. 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. తర్వాత, తనఖా ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసి చట్టం కింద 60 రోజుల నోటీసు. దానికీ కదలకపోతే స్వాధీనం, వేలం. మీ కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంటుంది, ఇల్లు మాత్రం ఎవరిదో అయిపోతుంది. ఎవరు ఎంత కట్టాలో తేలేదాకా చెరి కొంత వేసుకునేలా ఒక చిన్న ఒప్పందం రాసుకోండి. కోపమున్నా సరే. ఇంకోటి, మీ లోన్ ఓవర్‌డ్రాఫ్ట్ తరహాదైతే, అంటే ఎక్కువ వేసిన డబ్బు మళ్ళీ తీసుకునే వీలుంటే, ఇద్దరి సంతకం లేకుండా తీయడానికి లేదని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్క రాత్రిలో ఖాళీ చేసిన ఖాతాలున్నాయి.

అత్తమామల పేరుతో ఉన్న ఇంటి గురించి రెండు ముక్కలు. ఆ ఇంట్లో కోడలిగా ఉన్నామె అక్కడ ఉండే హక్కు అడగవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, గృహహింస చట్టం కింద. వెళ్ళగొట్టాలంటే చట్టప్రకారం పోవాలి. బదులుగా అద్దె ఇల్లు చూపించమని కూడా కోర్టు అనవచ్చు. అయితే అది తలదాచుకునే హక్కు, అమ్ముకునే హక్కు కాదు. ఈ రెండూ కలిపేసుకుని పోలీస్ స్టేషన్‌లో గంటలు గంటలు వాదించుకుంటారు.

డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పంచిన భూమి, మఠం భూమి మీద కట్టిన ఇళ్ల సంగతి నేను ఎత్తుకోను. వాటి చిక్కులు వేరు, అది ఇంకో ఆదివారానికి. మరో మతం వాళ్ళకు విడాకుల చట్టం వేరైనా, దస్తావేజు, లోన్ దగ్గర నేను చెప్పింది అందరికీ ఒకటే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: మేడమ్, మా అక్క విడాకుల కేసు వేసింది. తేలేలోగా మా బావ ఇల్లు అమ్మేస్తే?)

లోన్ ఉందా? ఉంటే కాస్త ఊపిరి తీసుకోండి. ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో ఉంటాయి, బ్యాంకుకు చెప్పకుండా అమ్మడం తేలిక కాదు. లోన్ లేకపోతేనే భయం. విడాకుల పిటిషన్ ఒక్కటే వేస్తే అది ఇంటి అమ్మకాన్ని ఆపదు. ఇంట్లో వాటా ఉందని విడిగా అడగాలి, అమ్మకుండా ఇంజంక్షన్ కోరాలి. నెలకోసారి ఈసీ తీసి చూడమనండి. వకీలు ఫీజుకు వెనకాడుతుంటే, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 చట్టం. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

(ఒక పెద్దాయన: అమ్మా, ఉన్న ఇంట్లో నా కొడుకు ఉండడు, కోడలూ ఉండదంట. ఈఎంఐ ఎవరు కట్టాలో తేల్చలేక పంచాయితీ ఆగింది.)

అద్దెకివ్వండి అయ్యా. ఖాళీగా తాళం వేసి ఇద్దరూ వేరే అద్దెలు కట్టుకోవడం కన్నా నష్టం ఇంకోటి లేదు. అద్దె నేరుగా లోన్ ఖాతాలో పడేలా అగ్రిమెంటులో రాయండి, తక్కువ పడింది ఇద్దరూ వేసుకోవాలి. పంచాయితీ ఆ తర్వాత ఎన్నాళ్ళైనా చేసుకోవచ్చు.

(ఒక యువకుడు: పెద్దలు ఇల్లు పాప పేరున రాసేయమంటున్నారు. నాకూ వద్దు, ఆమెకూ వద్దు అని.)

ఈ మాట ప్రతి పంచాయితీలోనూ వస్తుంది, వినడానికి చాలా బాగుంటుంది. లోన్ ఎంతుంది బాబూ? (యువకుడు: ఇరవై రెండు లక్షలు.) తనఖాలో ఉన్న ఇంటిని పాప పేరున మార్చడానికి బ్యాంకు ఒప్పుకోదు, పాప ఈఎంఐ కట్టలేదు కదా. ఒకవేళ లోన్ తీరాక రాశారే అనుకోండి, పాపకు 18 వచ్చేదాకా ఆ ఇల్లు అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి కావాలి. పాప చదువుకో, ఆస్పత్రికో డబ్బు అవసరమైతే ఇల్లుండీ చేతికి రాదు. ఇంకో సంగతి, ఆ ఇంట్లో ఎవరు ఉంటారు, అద్దె ఎవరు తీసుకుంటారు, పన్ను ఎవరు కడతారు అని పెద్దలు చెప్పారా? చెప్పలేదు కదా. ముందు ఆ ఇరవై రెండు లక్షలు ఎవరు ఎన్నాళ్ళలో తీరుస్తారో కాగితం మీద పెట్టండి, ఆ కాగితాన్ని మీ విడాకుల ఒప్పందంలో భాగం చేయించండి. లోన్ తీరాక, పాపను పెంచుతున్నవారికి బతికున్నంతకాలం ఉండే హక్కు, ఆ తర్వాత పాపకు పూర్తి హక్కు వచ్చేలా సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించవచ్చు. డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి నేరుగా పోకుండా ముందు వకీలుతో డ్రాఫ్టు చేయించుకోండి. మీ లోన్ అగ్రిమెంటు జిరాక్స్ ఉంటే టీ తాగేటప్పుడు నాకు చూపించండి, కో అప్లికెంట్‌గా ఎవరున్నారో చూద్దాం.